రాత్రి మూడుంబావుకి వచ్చే మనిషి

ఎస్కిషెహిర్‌లో ఆఖరి ట్రామ్ వెళ్ళిపోయాక
నా పనివాడు లేస్తాడు.
పనివాడంటే మనిషి కాదు,
నేను రాసిన నూటనలభై వరుసల కోడు.
నలభై మూడు దుకాణాలు చుట్టి రావాలి వాడు.
దుప్పట్లు, దిండ్లు, పరుపులు, బొంతలు.
పేరు ఒక గడిలో, ధర ఒక గడిలో,
సరుకు ఉందా లేదా ఇంకో గడిలో.
మిగతాదంతా పొట్టు, చెరిగి పారేస్తాడు.

మర్యాద నేర్పాను వాడికి.
రావద్దని గుమ్మం మీద రాసి ఉంటే వెనక్కి తిరగమన్నాను.
తలుపుకీ తలుపుకీ మధ్య రెండు సెకన్లు ఆగమన్నాను.
మా నాయనమ్మ సఫూరె ఎవరింటికెళ్ళినా
గడప ముందు ఒకసారి దగ్గి, ఆగి, అప్పుడు పిలిచేది.
ఆ దగ్గునే కోడులో పెట్టాననుకుంటా.

పొద్దున్నే ఒర్చున్ బే పట్టిక తెరుస్తాడు,
కాఫీ చల్లారేదాకా కిందికీ పైకీ జరుపుతాడు.
మార్చిలో ఒక వరుస దగ్గర ఆగాడు.

నీలం శాటిన్ బొంత, చేతికుట్టు, ఇద్దరికి సరిపోయేది:
నాలుగు వేల ఎనిమిది వందల లీరా.
మర్నాడు నాలుగు వేల ఏడు వందలు.
ఆ తర్వాత నాలుగు వేల ఆరు వందల యాభై.
టమాటా నుంచి ట్రామ్ టికెట్ దాకా
అన్నీ ఎక్కుతున్న రోజుల్లో
ఇదొక్కటే దిగుతోంది, మోకాళ్ళనొప్పి మనిషిలా,
మెట్టు మెట్టుకీ ఆగుతూ.

"గట్టి పోటీదారు," అన్నాడు ఒర్చున్ బే.
మాకు డబ్బిచ్చే పెద్ద కంపెనీకి కబురెళ్ళింది.
వాళ్ళ మిషన్ బొంత రాత్రికి రాత్రి
ఆయన కంటే యాభై తక్కువకి దిగింది.
ఆయన ఇంకో మెట్టు దిగాడు.

ఏప్రిల్లో ఆ పేజీ అమరిక మారింది.
ధర గడి ఖాళీగా వచ్చింది.
సరిచేద్దామని, చిరాగ్గానే, చేత్తో తెరిచాను.
మొదటిసారి, కళ్ళతో.

ధరకి పైన, ఎర్రటి అక్షరాల్లో:

"రోజూ రాత్రి మూడుంబావుకి వచ్చి
ఈ ఒక్క బొంతా చూసి వెళ్ళిపోతున్న మీకు.
ఎంతలో కావాలో మొహమాటం లేకుండా చెప్పండి.
నెల నుంచి మీరు తప్ప దీన్ని చూసినవాళ్ళు లేరు.
దూది కొత్తది. అంచుకే పదకొండు రోజులు పట్టింది.
పెళ్ళికైతే దిండు గలేబులు ఊరికే ఇస్తాను.
హైరెత్తిన్, ఒదున్‌పజారీ, మసీదు వెనక సందు."

పాత పేజీల మూట విప్పాను.
మార్చి పన్నెండున: రెండు వాయిదాల్లో ఇచ్చినా సరే.
పందొమ్మిదిన: రంగు నచ్చలేదా? ఎరుపులో కుడతాను.
ఇరవై ఆరున: నిన్న రాలేదు, ఒంట్లో బాగుందా?
ఆ రాత్రి మా సర్వర్ పడిపోయింది.

ఆయన నెంబర్ల కోసమని వాణ్ణి పంపాను.
ఆ నెంబర్లు వాడి కోసమే మారుతూ వచ్చాయి.
నలభై రాత్రులు ఒక కొట్టు ముందు నిలబెట్టాను,
జేబే లేనివాణ్ణి.

జవాబు మూడుసార్లు మొదలెట్టాను.
"నేను కొనేదాన్ని కాదు." చెరిపేశాను.
"అది మనిషి కాదు." అదీ చెరిపేశాను,
నిజమే అయినా అబద్ధంలా ఉంది.
చివరికి జాబితాలోంచి ఆ దుకాణం తీసేసి
సైటు పనిచెయ్యట్లేదని చెప్పాను ఒర్చున్ బేకి.

ఆ రాత్రి మూడుంబావుకి మెలకువ వచ్చింది.
నలభై రెండు తలుపుల దగ్గర దగ్గి
తిరిగొచ్చేశాడు వాడు.
పోర్సుక్ అవతల ఒకాయన లెక్క చూసుకుంటుంటాడు: సున్న.
ధర మళ్ళీ పైకి జరుపుతున్నాడో,
ఇంకో వంద తగ్గించి కూర్చున్నాడో,
తెలుసుకునే దారి నేనే మూసుకున్నాను.

శనివారం ట్రామ్ ఎక్కుతాను.
పగలు వెళ్తే గుర్తుపట్టడు.
ఎంత అని నోటితో అడగాలి.
నా దగ్గర నాలుగు వేల రెండు వందలున్నాయి.
ఆఖరున చూసిన ధరకి సరిపోతాయి.
మొదటి ధరకి చాలవు.